పదిగంటల టీలో అరవై ఎనిమిది

కినుయో చేతులు చూసి వయసు చెప్పమంటే ఎవరైనా ఎనభై ఐదంటారు. ముఖం చూసి చెప్పమంటే యాభై ఐదంటారు. ఆ రెండు అబద్ధాలకీ మధ్య, అరవై తొమ్మిదేళ్ల దగ్గర ఉంది ఆమె. నారా కొండల్లో ఉరానో వారి మూలికల షెడ్డులో తోకి వేర్లు కడిగే పనికి ముప్పై ఎనిమిదేళ్ల కిందట చేరింది. తోకి అంటే ఒళ్లు చల్లబడి, రక్తం తగ్గిన ఆడవాళ్లకిచ్చే కషాయాల్లో పడే వేరు. వాము వాసన వేస్తుంది. ఆకులు రాలే కాలంలో తవ్వి, పందిళ్ల మీద చలిగాలికి ఆరబెట్టి, జనవరి సగం దాటాక సెగలు కక్కే నీళ్లతొట్టిలో ముంచి తీసి, చెక్కబల్ల మీద పిసికి పిసికి, పాయలన్నీ దగ్గరకి చేర్చి జడలా నున్నగా తీర్చాలి. చేతులేమో వేడినీళ్లలో, కాళ్లేమో మంచుగడ్డలాంటి గచ్చు మీద. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా నిలబడే.

ఆమె తీర్చిన వేరు ఏది, ఇంకొకరు తీర్చింది ఏది అన్నది ఒసాకా వ్యాపారులు కళ్లు మూసుకుని చెప్పేవారు. ఆమెని మాత్రం కళ్లు తెరిచి కూడా ఎవరూ చూసిన పాపాన పోలేదు. దేశం తాగే మందులో ఆమె చేతి పనితనం ఉంది కానీ, ఆ మందు తాగే తీరిక ఆమెకెప్పుడూ దొరకలేదు. నడుం నొప్పెడితే షెడ్డులో గోడకి తగిలించిన పెట్టెలోంచి నొప్పి మాత్ర తీసి మింగేది. ఆ పెట్టె ఎప్పుడూ నిండుగా ఉండేటట్టు చూసుకునేవాడు యజమాని ఉరానో. ఆయన పుణ్యాలలో లెక్కకొచ్చేది అదొక్కటే. పాతికేళ్లు మింగింది.

జూన్ నెలలో ఊళ్లోకి ఆరోగ్య పరీక్షల బస్సు వచ్చింది. కినుయో మూత్రం చూసిన నర్సు పెదవి విరిచింది. పట్నం ఆసుపత్రిలో హోరియే అనే కుర్ర డాక్టరు రక్తం తీయించి, కంప్యూటర్ వంక చూస్తూ చెప్పాడు.

"మీ మూత్రపిండాలు రెండూ కలిసి వందకి ముప్పై ఒక్క వంతులే పని చేస్తున్నాయండీ. ఆ నొప్పి మాత్రలు ఇవాళ్టి నుంచి ముట్టుకోకండి. ఉప్పు రోజుకి ఆరు గ్రాములు. ఈ లెక్క పదిహేనుకి దగ్గరైతే రక్తం శుద్ధి చేసే యంత్రం పెట్టాల్సిందే."

"యంత్రం మా ఇంటికి తెస్తారా?"

"మీరే రావాలి. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు."

కినుయో ఊరికి రోజూ ఆరు బస్సులు వచ్చే కాలం ఒకటుండేది. ముసలివాళ్లు తప్ప ఎక్కేవాళ్లు లేరని ప్రభుత్వం ఒక్కొక్కటే తీసేసింది. ముసలివాళ్లకి కారు నడపడం ప్రమాదమని లైసెన్సులు కూడా తీసేసుకుంది. ఇప్పుడు పొద్దున ఒక బస్సు కొండ దిగుతుంది, మధ్యాహ్నం మూడూ పదికి ఒక బస్సు కొండెక్కుతుంది. యంత్రం దగ్గర పడుకుని లేచేసరికి ఆ బస్సు వెళ్లిపోతుంది. వారానికి మూడు రోజులంటే ఊరు వదిలి పట్నంలో గది తీసుకోవాలి. షెడ్డు లేదు, పెరట్లో ముల్లంగి లేదు, పలకరించే గొంతు లేదు. పదిహేను అనే అంకె కినుయోకి జబ్బులా కాదు, ఊళ్లోంచి వెళ్లగొట్టే నోటీసులా వినిపించింది.

"ఇన్నేళ్లూ ఊరందరికీ మందు కడిగావు. నువ్వూ ఒక ముంత తాగితే పోలే?" అన్నాడు భర్త తమోత్సు. ఆ మనిషి ఏడాదికి ఒక మంచి మాట అంటాడు. ఆ ఏటిది అదే.

అలా ఆగస్టులో అయాబె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డెబ్భై నాలుగేళ్ల మనిషి. పెద్ద చదువే చదివింది, ఆసుపత్రిలో కత్తీ పట్టింది, తరువాత తాతల నాటి కషాయాల వైపు తిరిగింది. ముందు నాలుక చాపించింది. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి, పాట వింటున్నట్టు తల వంచి కూర్చుంది. తరువాత బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కసాగింది. కినుయో కితకితలకి మెలికలు తిరిగిపోయింది.

"కదలకమ్మా, పొట్ట చూడకుండా మందివ్వడమంటే ఉత్తరం చదవకుండా జవాబు రాయడమే."

"అలాగైతే గట్టిగా నొక్కండి డాక్టరమ్మా! మెల్లగా నొక్కితేనే ప్రాణం పోతోంది."

పరీక్ష అయ్యాక అయాబె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "ముందే చెబుతున్నా. పోయిన మూత్రపిండాన్ని వెనక్కి తెచ్చే మందు నా దగ్గరా లేదు, ఆ హోరియే దగ్గరా లేదు. తెస్తానన్న వాడు దొంగ. ఉన్నది నెమ్మదిగా ఖర్చయ్యేటట్టు చూద్దాం. ఆయనిచ్చిన రక్తపోటు మాత్ర మానావో, నా గడప తొక్కనివ్వను. అర్థమైందా?"

పొట్లాల్లో రేవల్చిన్ని, జిన్సెంగ్, సొంటి, కొద్దిగా అతిమధురం, ఇంకో రెండు వేర్లు ఉన్నాయి. మట్టి పాత్రలో మూడు గ్లాసుల నీళ్లు పోసి, సన్నసెగ మీద సగానికి మరిగించాలి. మొదటిరోజు ఆ వాసనకి తమోత్సు గొడుగు పట్టుకుని వాకిట్లోకి పోయాడు. బయట వాన లేదు.

"ఏమే, నేల తవ్వి ఉడకేశావా ఏంటి?"

"మీ తాత సమాధి దగ్గర తవ్వుకొచ్చా. ఓ గుక్కెడు తాగుతారా?"

ఉప్పే అసలు కష్టం. టీ నీళ్లలో వండిన పొద్దుటి గంజిలోకి ఉప్పులో ఊరిన ఉమే అనే పుల్లటి కాయ ఒకటి లేనిదే ఆమెకి తెల్లారినట్టుండదు. ఒక్క కాయలో రెండు గ్రాముల ఉప్పుందట. దాన్ని చాకుతో ఎనిమిది ముక్కలు కోసి, రోజుకో ముక్క నాలుక మీద పెట్టుకుని, పిల్లలు పిప్పరమెంటు చప్పరించినట్టు చప్పరించేది. పట్టుదల గల మనిషి. నవంబరు దాకా ముప్పై ఒకటి ముప్పై ఒకటిగానే నిలబడింది. కాళ్ల వాపు దిగింది. హోరియే కూడా "ఊఁ" అన్నాడు. ఆయన "ఊఁ" అన్నాడంటే పండగే.

జనవరిలో వేర్ల కడుగుడు మొదలైంది. మార్చి రక్తపరీక్షలో లెక్క ఇరవై నాలుగైంది.

పాదాలు ఉబ్బి రబ్బరు బూట్లలో దూరడం లేదు. రక్తపోటు మాత్ర వేసుకున్నా నూట ఎనభై. అన్నిటికంటే భయపెట్టినవి చేతులు. ముప్పై ఎనిమిదేళ్లుగా వేర్లని లొంగదీసిన వేళ్లు, చాప్‌స్టిక్స్ పట్టుకుంటే జారవిడుస్తున్నాయి. లెక్క ఇదే వేగంతో పడితే వచ్చే చలికాలానికి యంత్రమేనన్నాడు హోరియే. అని ఊరుకోలేదు.

"ఆ గడ్డీ గాదం మానెయ్యండి ముందు."

కినుయో ఆ మాటని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చినట్టు జాగ్రత్తగా తెచ్చి అయాబె ముందు పెట్టింది. అయాబెకి కోపం రాలేదు. పరీక్ష కాగితం వేలితో వరస వరసగా చదివింది. ఒకచోట వేలు ఆగిపోయింది.

"ఇదేమిటి? మూత్రపిండాలు చెడితే ఒంట్లో పొటాషియం పెరగాలి. నీకు తగ్గింది. బాగా తగ్గింది. ఏదో కడుపులోకి పోతోందమ్మా కినుయో. ఇంకేం మందులు తాగుతున్నావు?"

"ఏమీ లేదు, ఒట్టు."

"సరే, పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో పెట్టేవన్నీ చెప్పు. నీళ్లతో సహా."

"గంజి. ఉమే కాయలో ఎనిమిదో వంతు. మీ కషాయం. హోరియేగారి మాత్ర. పదింటికి షెడ్డులో టీ. మధ్యాహ్నం అన్నం, ఉడకేసిన ముల్లంగి..."

"ఆగు. టీలోకి ఏమిటి?"

"ఏముంటుంది, ఓ బియ్యప్పిండి అప్పచ్చి. ఓ అరవై ఎనిమిది."

అయాబె కలం బల్ల మీద పెట్టేసింది. షాపుల్లో, ఆసుపత్రుల్లో ఇచ్చే కషాయప్పొడి పొట్లాల మీద అంకెలుంటాయి. పేర్లు ఎవరికీ నోరు తిరగవు. జలుబుకి ఒకటో నంబరు, పిక్కలు పట్టేస్తే అరవై ఎనిమిది. నూటికి తొంభై మందికి అంతే తెలుసు.

"అది మందమ్మా తల్లీ!"

"మందా? మందైతే డాక్టరు చేతిలోంచి రావాలి కదండీ. ఇది టీలోకి. తియ్యగా ఉంటుంది."

"తియ్యగా ఎందుకుంటుందనుకున్నావు? సగానికి సగం అతిమధురం! నా కషాయంలో చిటికెడు వేస్తే నువ్వు పైన గుప్పెడు వేసుకుంటున్నావు. అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పు కదలదు, నీరు కదలదు, పొటాషియం పారిపోతుంది, రక్తపోటు నెత్తికెక్కుతుంది. రోజుకెన్ని?"

"పదింటికొకటి, మూడింటికొకటి. ఆరు చలికాలాలుగా, కడుగుడు ఉన్నన్నాళ్లూ."

"ఎవరిచ్చారు?"

కినుయో నోరు టక్కున మూసుకుంది. ఇచ్చింది షెడ్డులో తనతో పాటు వేర్లు పిసికే సుజుయే. ఎముకల డాక్టరు సుజుయేకి, ఆమె భర్తకి, అత్తగారికి ముగ్గురికీ పొట్లాలు ధారాళంగా రాసిస్తాడు. వాళ్లు పిక్క పట్టినప్పుడే వాడతారు. మిగిలింది పారేస్తే పాపమని సుజుయే షెడ్డుకి తెచ్చి నలుగురికీ పంచుతుంది. మన పెరట్లో ఎక్కువ కాసింది పక్కింటికి ఇవ్వడం, వాళ్లు పళ్లెం ఖాళీగా తిప్పి పంపకపోవడం ఆ ఊళ్లో ఊపిరి పీల్చడమంత మామూలు. అరవై ఎనిమిదికి బదులు కినుయో ముల్లంగులు ఇచ్చింది, హత్సుయో నారింజలిచ్చింది, మికియే తన చేత్తో పులియబెట్టిన మిసో అనే సోయా ముద్ద ఇచ్చింది. చీటీ మీద ఒకరి పేరుతో వచ్చిన మందు ఇంకొకరికి ఇవ్వడం నేరమని సుజుయేకి తెలియదు. కినుయోకి ఆ క్షణంలోనే తోచింది.

"పట్నంలో కొన్నాను," అంది నేల చూస్తూ.

"పేరుతో నాకు పనిలేదు. కానీ నీతో పాటు తాగేవాళ్లెవరైనా ఉంటే, వాళ్ల కాళ్లూ చూడు," అంది అయాబె.

మర్నాడు పదింటికి సుజుయే ఎప్పట్లాగే కప్పు పక్కన పొట్లం పెట్టింది. కినుయో గోరుతో అంచు చింపుతున్నట్టు నటించి, దాన్ని జేబులో వేసుకుంది. మూడింటికీ అంతే. వారం రోజులకి జేబు ఉబ్బిపోయి, వంగినప్పుడల్లా గలగలమంది. పాదాల వాపు కాస్త దిగినట్టే అనిపించింది. ఇలాగే గుట్టుగా గడిచిపోతే తన అంకె తనకి దక్కుతుంది, సుజుయే మొహం సుజుయేకి దక్కుతుంది అనుకుంది.

ఎనిమిదో రోజు హత్సుయో చేతిలోంచి వేర్ల పళ్లెం జారింది. డెబ్భై తొమ్మిదేళ్ల హత్సుయో పళ్లెం జారవిడవడం ఆ షెడ్డు పుట్టాక ఎవరూ ఎరగరు. ఆమె తన వేళ్ల వంక చూసుకుని, ముడుచుకోవేంటివి అని వాటినే తిట్టింది. కినుయో ఆమె బూట్లకేసి చూసింది. పైఅంచు మీదుగా పిక్క పొంగి ఉంది.

అంతే, ఇక ఆగలేకపోయింది. జేబులోంచి పొట్లాలన్నీ తీసి బల్ల మీద గుమ్మరించింది.

"హత్సుయో అక్కా, ఇక ఇది తాగకు. ఎవరూ తాగొద్దు. నా మూత్రపిండాల లెక్క ఏడు పడిపోయింది దీనివల్లే. నీ వేళ్లు కూడా దీనివల్లే." అయాబె చెప్పినదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

సుజుయే మొహం ఉడికిన పీతలా ఎర్రబడింది.

"ఏంటే, నేను విషం పెట్టానంటావా? ఆరేళ్లు నా పొట్లం నాకుతూ, 'సుజుయే, నీ చలవ వల్ల పిక్కలు సర్దుకున్నాయే' అన్న నోరేనా ఇది? వారం రోజులు జేబులో దాచుకుని నన్ను వెర్రిదాన్ని చేశావా?"

"నీ మనసు నొప్పించలేక దాచానే."

"ఇప్పుడు నొప్పించలేదా మరి? ముల్లంగులు వెనక్కి ఇచ్చెయ్యమంటే చెప్పు, రేపే తెచ్చి పడేస్తా!"

"తిన్న ముల్లంగి ఎలా తెస్తావే?" అంది హత్సుయో. ఎవరికీ నవ్వాలనిపించలేదు కానీ మికియే ఆపుకోలేక ముక్కుతో నవ్వేసింది.

సుజుయే కళ్లు తుడుచుకుంది. "నేనేం సరదాకి తెచ్చానా? ఈ గచ్చు మీద నిలబడి నలుగురికీ రోజూ పిక్కలు పట్టేస్తుంటే చూడలేక తెచ్చా. మరేం చెయ్యమంటారు? నొప్పి మాత్రలు మింగితే మూత్రపిండాలు పోతాయంట, పొట్లం తాగితే మూత్రపిండాలు పోతాయంట. మరి మా కాళ్ల సంగతి ఎవరు చూస్తారు?"

అడగవలసిన ప్రశ్నే అది. ఆరేళ్లుగా, కాదు ముప్పై ఎనిమిదేళ్లుగా, ఆ ప్రశ్నని నలుగురూ మందులా మింగేస్తూ వచ్చారు. పనిలో ఉన్న జబ్బుకి పనిమనిషి ఒంట్లో మందు వెయ్యడం, అది వికటిస్తే ఆ మనిషి అమాయకత్వాన్ని తిట్టడం, ఇంతకంటే తేలికైన వైద్యం యజమానులకి మరొకటి లేదు.

అప్పుడే ఉరానో లోపలికి వచ్చాడు. "పదీ ముప్పావు అయింది. ఏంటమ్మా, ఇంకా టీ యేనా? తొట్టిలో వేర్లు నానుతున్నాయి."

అక్కడే ఉంది కీలకం. ఒకసారి వేడినీళ్లు తాకిన వేరుని ఆ పూటే పిసికి తీర్చాలి. లేకపోతే గుండె నల్లబడి పశువులకి కూడా పనికిరాదు. తొట్టిలో అప్పుడు నూట యాభై కిలోల వేర్లున్నాయి.

కినుయో బోర్లించిన పెట్టె మీద కూర్చుంది. "మేం లేవట్లేదు ఉరానోగారూ. గచ్చు మీద దళసరి రబ్బరు పరుపులు కావాలి. కూర్చుని పిసికేందుకు పొట్టి బల్ల, ఎత్తు కుర్చీలు కావాలి. గంటకోసారి కాళ్లు చాపుకోనివ్వాలి."

"వేరు కూర్చుని పిసికేది కాదమ్మా. మా తాతల కాలం నుంచీ నిలబడే..."

"మీ తాత ఎన్ని పిసికాడో మాకు తెలుసు," అంది సుజుయే. రెండు నిమిషాల కింద కినుయో మీద అరిచిన గొంతే, ఇప్పుడు అటు తిరిగింది. "మా అత్త ఆయన కింద పని చేసింది. ఆయన కుర్చీలో కూర్చునే చూసేవాడంట! ఆ కుర్చీ మీ ఆఫీసులో ఉందిగా, ముందు అది పట్రండి."

"హత్సుయో అక్కా, నువ్వన్నా చెప్పు," అన్నాడు ఉరానో.

"వినబడట్లేదు నాయనా," అంది హత్సుయో. ఆమెకి చీమ నడిచినా వినబడుతుంది.

పదకొండూ పదికి తొట్టిలో వేర్లు రంగు తిరగడం మొదలుపెట్టాయి. పదకొండుంబావుకి ఉరానో ఆఫీసులోంచి నాలుగు కుర్చీలు తనే మోసుకొచ్చాడు. పరుపులు శనివారం దిగాయి. నొప్పి మాత్రల పెట్టెని హత్సుయో గోడ మీంచి తీసి, అందులో గుడ్డపీలికలు పెట్టుకుంది. కుర్చీలో కూర్చుని తీర్చిన వేరుని ఒసాకా వ్యాపారి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు కానీ, తేడా కనిపెట్టలేకపోయాడు.

అయాబె, హోరియేకి ఉత్తరం రాసింది. 'గడ్డీ గాదం' అన్న మాటని ఎత్తలేదు కానీ, పొటాషియం అంకె కింద రెండు గీతలు గీసింది. రోగి ఏం తాగుతోందని మీరూ అడగలేదు, నేనూ అడగవలసినంత విడమరిచి అడగలేదు అని రాసింది. హోరియే జవాబులో తప్పు ఒప్పుకున్నాడు. ఇకపై ప్రతి పరీక్షా ఇద్దరికీ అందేటట్టు ఏర్పాటు చేశాడు. కషాయంలో అతిమధురం తీసేశారు.

మే నెలలో పరీక్షకి కినుయో వెంట సుజుయే వెళ్లింది. తోడుకని కాదట, తనకీ అయాబె దగ్గర నాలుక చూపించుకునే పనుందట. తిరుగు బస్సు కోసం ఇద్దరూ ఆసుపత్రి ముందర బెంచీ మీద కూర్చున్నారు. సుజుయే చాలాసేపు చేతిసంచి గొళ్లెం తీస్తూ వేస్తూ ఉండి, చివరికి అడిగింది.

"ఎంతట?"

"ఇరవై తొమ్మిది. పొటాషియం సరిపోయింది. వచ్చే చలికాలం షెడ్డులోనే ఉంటావన్నారు. ఆ పై చలికాలం కూడా కావచ్చు. ఆ తరువాత సంగతి చెప్పలేమన్నారు, డాక్టర్లిద్దరూను."

"ముప్పై ఒకటి కదే ముందు?"

"అవును."

"మిగతా రెండూ?"

"రావట."

సుజుయే గొళ్లెం వెయ్యడం మానేసింది. "ఆ రెండూ నేను తినేశానన్నమాట."

కినుయోకి కాదని చెప్పాలనిపించింది. కానీ అబద్ధాలు చెప్పి జేబులో దాచుకునే ఓపిక ఆమెకి ఇక లేదు. "కొంచెం నువ్వు, కొంచెం నేను. చాలామటుకు ఉరానో. ఏడవకు. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలి, అవతల బస్సు వచ్చే వేళైంది. తప్పిపోతే రేపటిదాకా లేదు."

సుజుయే ముక్కు చీది లేచి, బస్సు ఇంకా మలుపు తిరగకుండానే రోడ్డుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఊపింది.